చేత్తో రాసే అసెంబ్లీకి ఇంకా పనుందా?

తెలుగు రాష్ట్రాల్లో ఎలక్ట్రానిక్స్ గానీ, కంప్యూటర్ సైన్స్ గానీ చదివినవాళ్లకి అసెంబ్లీ అనగానే గుర్తొచ్చేది మైక్రోప్రాసెసర్ ల్యాబ్ రికార్డు. మాస్మ్‌లో రెండు పదహారు బిట్ల సంఖ్యలు కూడటం, కొన్ని అంకెల్ని ఆరోహణ క్రమంలో పేర్చడం, వైవాలో "8086లో ఫ్లాగులెన్ని?" అంటే "తొమ్మిది సర్" అని గట్టెక్కడం. ఆ తర్వాత జావా, పైథాన్, క్యాంపస్ సెలక్షన్లు. రికార్డు అటకెక్కుతుంది. దాంతోపాటే ప్రపంచంలో అసెంబ్లీ కూడా అటకెక్కిందని చాలామంది అభిప్రాయం.

అది సగం నిజం. 1978లో ఇంటెల్ తెచ్చిన 8086 దగ్గర మొదలై, 1985 నాటి 386, 2003లో ఏఎండీ తెచ్చిన 64 బిట్ల ఆప్టెరాన్ మీదుగా ఇవాళ్టి ల్యాప్‌టాప్‌లు, సర్వర్ల దాకా సాగిన వంశం ఎక్స్86. ఈ వంశం కోసమే, ప్రాసెసర్‌ని ఆనుకుని, సోర్స్ అందరికీ తెరిచిపెట్టి నడుస్తున్న ప్రాజెక్టులు ఇప్పటికీ చాలా ఉన్నాయి. కొన్ని సరదాకి, కొన్ని చదువుకి. కొన్ని మాత్రం లేకపోతే కంప్యూటర్లో వీడియో నత్తనడక నడుస్తుంది. కంపైలర్లు ఇంత ఆరితేరాక మనిషి కూర్చుని ఒక్కో ఇన్‌స్ట్రక్షన్ రాయడంలో అర్థం ఉందా అన్నది పాత ప్రశ్నే. దానికి ఔననో కాదనో ఒక్క ముక్కలో తేల్చేసేవాళ్లని నమ్మక్కర్లేదు. ఏ పొర గురించి మాట్లాడుతున్నామన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది.

ముందు పనిముట్ల సంగతి. మాస్మ్ మైక్రోసాఫ్ట్ సరుకు, దాని సోర్స్ బయటికి రాదు. స్వేచ్ఛగా దొరికే గ్నూ అసెంబ్లర్ 'గ్యాస్' ఉండేది గానీ, అది ప్రధానంగా జీసీసీ కంపైలర్ వెళ్లగక్కే కోడ్‌ను అందుకోవడానికి పుట్టింది. మనిషి కూర్చుని రాయడానికి వీలుగా ఉండేది కాదు. పైగా అది వాడేది ఏటీ అండ్ టీ పద్ధతి. ఇంటెల్ పుస్తకంలో 'మవ్ ఏఎక్స్, బీఎక్స్' అంటే బీఎక్స్‌లో ఉన్నది ఏఎక్స్‌లోకి వెళ్తుంది. గ్యాస్‌లో అదే వరసకి అర్థం తలకిందులు. ఈ ఇబ్బంది పడలేక 1996లో సైమన్ టాథమ్, జూలియన్ హాల్ నాస్మ్ మొదలుపెట్టారు. టాథమ్ అంటే, సర్వర్లలోకి లాగిన్ అవడానికి సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు రోజూ తెరిచే 'పుట్టీ' రాసినాయనే. తర్వాత లైనక్స్ కెర్నల్ మనిషి పీటర్ యాన్విన్ నాస్మ్ బాధ్యత తీసుకున్నాడు. పోలండ్‌కి చెందిన తోమాష్ గ్రిష్టార్ రాసిన ఫాస్మ్ మరో దారి పట్టింది. అది తన భాషలో తానే రాసుకున్న అసెంబ్లర్, తన సోర్స్‌ని తానే అసెంబుల్ చేసుకుంటుంది. ఈ రంగంలో ఓపెన్ సోర్స్ గెలుపు మీద పెద్దగా చర్చ లేదు. ఇవాళ ఎక్స్86 అసెంబ్లీ కొత్తగా రాసేవాళ్లు ఎక్కువగా పట్టుకునేది నాస్మ్‌నీ గ్యాస్‌నీ.

కథ ముదిరేది మెషిన్ నిద్రలేచే చోట.

వైవాలో ఇంకో ప్రశ్న ఉంటుంది: 8086 ఎంత మెమరీని చూడగలదు? ఒక మెగాబైట్, ఎందుకంటే దానికి అడ్రస్ గీతలు ఇరవై. సెగ్మెంట్‌ని పదహారుతో హెచ్చవేసి ఆఫ్‌సెట్ కలిపితే చిరునామా వస్తుంది. అక్కడితో మార్కులు పడతాయి. కానీ రెండింటిలోనూ గరిష్ఠ విలువలు పెడితే లెక్క మెగాబైట్ దాటి దాదాపు 64 కిలోబైట్లు ముందుకు పోతుంది. దాన్ని పట్టుకోడానికి ఇరవై ఒకటో గీత లేదు కాబట్టి చిరునామా చుట్టు తిరిగి మళ్లీ సున్నా దగ్గరికి వస్తుంది. కొన్ని పాత ప్రోగ్రాములు ఈ చుట్టు తిరగడాన్నే నమ్ముకున్నాయి. 1984లో ఐబీఎం పీసీ ఏటీలోకి 24 గీతల 80286 వచ్చింది. ఇప్పుడు చిరునామా చుట్టు తిరగదు, ఆ ప్రోగ్రాములు దెబ్బతింటాయి. ఐబీఎం ఇంజినీర్లు ఇరవై ఒకటో గీతకి ఒక గేటు పెట్టి, దాన్ని తెరిచే, మూసే పని కీబోర్డ్ కంట్రోలర్ చిప్‌లో ఖాళీగా ఉన్న పిన్నుకి అప్పగించారు. లెక్క సున్నా నుంచి మొదలు కాబట్టి ఆ గీత పేరు ఏ20. ఫలితంగా ఎక్స్86 మీద ఆపరేటింగ్ సిస్టమ్ రాసే ప్రతివాడూ మెగాబైట్ పైనున్న మెమరీ ముట్టుకోవాలంటే కీబోర్డు చిప్‌ని అనుమతి అడిగే రోజులు దశాబ్దాల పాటు నడిచాయి. ఇంటెల్ ఇటీవలి ప్రాసెసర్లలో ఈ గేటుకి మద్దతు తీసేసింది. లైనక్స్ కెర్నల్‌లో ఎక్స్86 బూట్ విభాగం తెరిస్తే ఏ20 పేరుతో ఉన్న ఫైలు మాత్రం ఇంకా కనిపిస్తుంది.

బూట్ లోడర్ రాయడం అనే అభిరుచి పుట్టింది ఈ చెత్తాచెదారం మధ్యనే. పాత బయోస్ పద్ధతిలో డిస్క్‌లోని మొదటి 512 బైట్లను మెమరీలో 7సీ00 అనే హెక్సాడెసిమల్ చిరునామాకి తెచ్చి, ప్రాసెసర్‌ని అక్కడికి దూకిస్తారు. చివరి రెండు బైట్లు 55, ఏఏ అయి తీరాలి. మిగిలిన 510 బైట్లలో రాసేవాడి ఇష్టం. ఆ జాగాలోనే చదరంగం ఆటలు, చిన్నచిన్న ఆపరేటింగ్ సిస్టమ్‌లు కుక్కినవాళ్లున్నారు. కొత్త మెషిన్లలో యూఈఎఫ్ఐ వచ్చి ఆ పద్ధతిని పక్కకి నెట్టింది గానీ, క్యూఎమ్యూ వర్చువల్ మెషిన్లో సీబయోస్ అనే ఓపెన్ సోర్స్ బయోస్ ఆ పాత ప్రపంచాన్ని యథాతథంగా నిలబెడుతోంది. నేర్చుకునేవాళ్లకి అంతకన్నా సురక్షితమైన చోటు లేదు. ఎన్నిసార్లు కూల్చినా అసలు మెషిన్‌కి ఏమీ కాదు.

ల్యాబ్‌లో డాస్‌ని పిలిచే 'ఇంట్ 21హెచ్' అని గుడ్డిగా రాసినవాళ్లకి ఇంకో విందు కూడా ఉంది. ఆ పిలుపు వెనక ఏం జరిగేదో ఇప్పుడు మూలంలోనే చదవొచ్చు. మైక్రోసాఫ్ట్ 2018లో ఎంఎస్ డాస్ 1.25, 2.0 సోర్స్‌ని, 2024 ఏప్రిల్‌లో 4.00 సోర్స్‌ని ఎంఐటీ లైసెన్స్ కింద గిట్‌హబ్‌లో పెట్టింది. మొదటి రెండూ ఆసాంతం 8086 అసెంబ్లీయే. ఇదంతా చరిత్ర, పని కోడ్ కాదు. అయినా, చదవదగ్గ చరిత్ర.

ఈ పాత బరువు దించుకోవాలని ఇంటెల్‌కీ ఉంది. 2023 మేలో ఎక్స్86ఎస్ అనే ప్రతిపాదన తెచ్చింది. పదహారు బిట్ల రియల్ మోడ్ తీసేసి, ప్రాసెసర్ నేరుగా 64 బిట్లలోనే నిద్రలేవాలన్నది దాని సారం. 2024 డిసెంబర్ వచ్చేసరికి దాన్ని విరమించుకుంది. సాఫ్ట్‌వేర్ వైపు పరిస్థితి దీనికి పూర్తిగా భిన్నం. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ 386 మెషిన్ మీద మొదలుపెట్టిన లైనక్స్, 2013లో వచ్చిన 3.8 వెర్షన్ నుంచి 386కి మద్దతే మానేసింది. పుట్టిన గడ్డని వదులుకోవడానికి లైనక్స్ పెద్దగా బాధపడలేదు. ఇంటెల్‌కి అంత తేలిక కాదు, దాని వ్యాపారమే పాత ప్రోగ్రామ్ నడవడం మీద నిలబడి ఉంది.

ఇక ఆపరేటింగ్ సిస్టమ్ మొత్తాన్నీ అసెంబ్లీలో రాసిన వీరులు. ఫిన్లాండ్‌కి చెందిన విల్లే తుర్యన్మా 2000 సంవత్సరంలో బయటికి తెచ్చిన మెన్యుయెట్ ఓఎస్‌లో కిటికీలు, మౌస్, నెట్‌వర్క్ అన్నీ ఉండేవి, సైజు చూస్తే ఒక్క 1.44 మెగాబైట్ల ఫ్లాపీ. దాన్నుంచి 2004లో చీలిన కొలిబ్రీ ఓఎస్ ఇప్పటికీ నడుస్తోంది. రెండూ ఫాస్మ్‌లో రాసినవే. చూసినవాళ్లు ముక్కున వేలేసుకుంటారు. స్విచ్ నొక్కిన మరుక్షణంలో తెర మీద డెస్క్‌టాప్ ఉంటుంది మరి. అయితే ముచ్చటని ముచ్చటగానే చూడాలి. ప్రతి డ్రైవర్‌ని చేత్తో రాయాలి, కోడ్ ఈ ప్రాసెసర్ వంశం దాటి ఎక్కడికీ కదలదు, ఉన్న కొద్దిమందీ అలసిపోతే పని ఆగిపోతుంది. మెన్యుయెట్ 64 బిట్ల వెర్షన్ ఓపెన్ సోర్స్‌గా రాలేదు. కొలిబ్రీ 32 బిట్ల దగ్గరే ఉంది. వ్యవస్థ మొత్తాన్నీ అసెంబ్లీలో రాయడం అనే వాదం ఇక్కడ ఓడిపోయిందనే చెప్పాలి. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

అసెంబ్లీ దమ్ము కనిపించేది వీడియోలో.

వీడియోని కుదించేటప్పుడు ఎన్‌కోడర్ చేసే ప్రధానమైన పని వెతుకులాట. ఈ ఫ్రేములోని పదహారు బై పదహారు చుక్కల గడి, ముందటి ఫ్రేములో ఎక్కడి నుంచి జరిగి వచ్చింది? పోలిక తేలాలంటే రెండు గడుల్లోనూ ఎదురెదురు చుక్కల తేడా తీసి, మైనస్ గుర్తు తీసేసి, అన్నీ కూడాలి. మొత్తం ఎంత తక్కువైతే పోలిక అంత దగ్గర. ఒక్క వరసకే పదహారు తీసివేతలు, పదహారు గుర్తు తొలగింపులు, పదిహేను కూడికలు. అలాంటివి పదహారు వరసలు, అలాంటి గడులు ఫ్రేముకి వేలు, ఒక్కో గడికి వెతకాల్సిన స్థానాలు పదులు. 1999లో పెంటియం 3తో వచ్చిన 'పీఎస్ఏడీబీడబ్ల్యూ' అనే ఇన్‌స్ట్రక్షన్ పుట్టిందే ఈ పనికి. 128 బిట్ల రిజిస్టర్లలో అది ఒక్క దెబ్బకి పదహారు చుక్కల తేడాలు తీసి రెండు మొత్తాలుగా చేతిలో పెడుతుంది. వీడియోల్యాన్ గొడుగు కింద పెరిగిన ఎక్స్264 ఎన్‌కోడర్ పేరు తెచ్చుకోవడానికి ఇలాంటి కోడ్ ఒక ముఖ్య కారణం.

ఈ ఒక్క నమూనాను ఇవాళ్టి కంపైలర్లు కూడా అప్పుడప్పుడు గుర్తుపడతాయి, కాదనలేం. కానీ చుక్కలు 255 దాటితే అక్కడే ఆగిపోయే కూడికలు, ఎనిమిది బిట్లని పదహారుకి విప్పి మళ్లీ మడవడం, రిజిస్టర్ లోపల బైట్లను అటూ ఇటూ మార్చడం, వీటిని సీ భాషలో చెప్పడానికి సరైన మాటలే లేవు. చెప్పనిది కంపైలర్ ఊహించలేదు.

2018లో ఏవీ1 అనే ఉచిత వీడియో ప్రమాణం తయారయ్యేనాటికి దాన్ని విప్పే హార్డ్‌వేర్ మార్కెట్లో లేదు. ఆ ఏడాది అక్టోబర్‌లో వీడియోల్యాన్ 'డేవిడ్' డీకోడర్ ప్రకటించింది. దాని పేరు మధ్యలో 'ఐ' బదులు ఒకటి అంకె ఉంటుంది. అందులో సీ కోడ్ కన్నా చేత్తో రాసిన అసెంబ్లీ చాలా ఎక్కువ. అంత అసెంబ్లీని అదుపులో పెట్టిన తీరే ఈ ప్రాజెక్టులో అసలు విశేషం. ఎక్స్264లో పుట్టిన ఒక మాక్రో ఫైలుంది. విండోస్‌లో ఫంక్షన్‌కి మొదటి విలువ ఆర్‌సీఎక్స్ రిజిస్టర్లో వస్తుంది, లైనక్స్‌లో ఆర్‌డీఐలో. ఈ గొడవలన్నీ ఆ మాక్రోలే మింగేసి, ఒకసారి రాసిన ఫంక్షన్ రెండు చోట్లా నడిచేలా చూస్తాయి. రెండో కాపలా 'చెక్ఏఎస్ఎమ్'. ప్రతి అసెంబ్లీ ఫంక్షన్ పక్కనా దాని సీ రూపం ఉండాలి. ఈ పరికరం రెండింటికీ యాదృచ్ఛిక విలువలు తినిపించి, జవాబులు బైటుకి బైటు కలిశాయా, ముట్టుకోకూడని రిజిస్టర్లు ముట్టుకోలేదు కదా అని చూసి, ఎన్ని సైకిళ్లు పట్టాయో లెక్క చెబుతుంది. అసెంబ్లీ అంటే గాల్లో దీపం అనే పాత అపవాదుకి ఇంతకంటే మంచి సమాధానం లేదు.

గొప్పలు మాత్రం జల్లెడ పట్టి తీసుకోవాలి. 2024 నవంబర్‌లో ఎఫ్ఎఫ్ఎంపెగ్ బృందం ఏవీఎక్స్ 512 ఇన్‌స్ట్రక్షన్లతో 94 రెట్ల వేగం సాధించామని చాటగానే పత్రికలు పండగ చేసుకున్నాయి. ఆ లెక్క ఒక్క ఫంక్షన్‌ది, అదీ మామూలు సీ రూపంతో పోల్చినప్పుడు. సినిమా 94 రెట్లు వేగంగా ఏమీ తయారవదు. 2025 జూలైలో వంద రెట్ల మాట వచ్చినప్పుడు అది ఒక్క ఫంక్షన్ సంగతేనని ఆ బృందమే చెప్పాల్సి వచ్చింది. ఇంకో చిక్కు, ఆ ఇన్‌స్ట్రక్షన్లు అందరి దగ్గరా లేవు. ఏవీఎక్స్ 512ని పుట్టించిన ఇంటెల్, 2021 ఆల్డర్ లేక్ నుంచి మామూలు వినియోగదారుల చిప్పుల్లో దాన్ని మూసేసింది. 2022లో జెన్ 4తో దాన్ని ఇంటింటికీ చేర్చింది పోటీదారు ఏఎండీ.

అసెంబ్లీ నిజమైన బలం ఎంతో చెప్పే మరో సాక్ష్యం అనుకోకుండా రస్ట్ భాష వైపు నుంచి వచ్చింది. మెమరీ భద్రత కోసం డేవిడ్‌లోని సీ కోడ్‌ని రస్ట్‌లోకి మార్చి 'రావిడ్' తయారుచేశారు. అసెంబ్లీని మాత్రం ముట్టుకోలేదు, ఉన్నదున్నట్టు వాడుకున్నారు. అలా చేసినా సీ వెర్షన్ కన్నా సుమారు 5 శాతం వెనకబడటంతో, ఆ తేడా పూడ్చినవారికి 20,000 డాలర్ల బహుమతి అని 2025 మేలో ప్రకటించారు. భద్రత కోసం భాషనే మార్చిన వాళ్లు కూడా అసెంబ్లీని వదులుకోలేకపోయారు. అదే సమయంలో, ఆ అసెంబ్లీ లోపల రస్ట్ ఇచ్చే రక్ష ఏదీ పనిచేయదన్నదీ గుర్తుంచుకోవాలి.

ఇంతా చెప్పి, మామూలు జట్లకి అసెంబ్లీ సలహా ఇవ్వడం అన్యాయం. నడిమి దారి ఒకటుంది: సీ, సీ ప్లస్ ప్లస్‌లోనే ప్రాసెసర్ ఇన్‌స్ట్రక్షన్లని ఫంక్షన్ల పేర్లతో పిలిచే ఇంట్రిన్సిక్స్. 2019లో వచ్చిన సిమ్‌డ్‌జేసన్ ఆ దారినే పోయి, జేసన్ డేటాని సెకనుకి గిగాబైట్ల లెక్కన చదివి చూపించింది. రిజిస్టర్ల పంపకం కంపైలర్ చూసుకుంటుంది, వేగంలో ఎక్కువ భాగం దక్కుతుంది. పది ప్రాజెక్టుల్లో తొమ్మిదింటికి ఇది చాలు. 2023లో డీప్‌మైండ్ ఆల్ఫాడెవ్ మూడు, నాలుగు, ఐదు అంశాల్ని పేర్చే కోడ్‌ని కృత్రిమ మేధతో కుదించి ఎల్ఎల్‌వీఎం లైబ్రరీలో చేర్పించడం ముచ్చటైన వార్తే గానీ, ఇప్పటిదాకా ఈ వృత్తిని కదిలించిన సంఘటన మాత్రం కాదు.

రహస్య లిపుల సంగతి వేరు. అక్కడ అసెంబ్లీ రాసేది వేగానికి మాత్రమే కాదు. రహస్య తాళపు విలువని బట్టి కోడ్ ఒక దారి వదిలి ఇంకో దారి పట్టిందంటే, పట్టిన సమయాన్ని కొలిచి బయటివాడు ఆ విలువని రాబట్టగలడు. సీలో ఎంత జాగ్రత్తగా దారులు చీలకుండా రాసినా, కంపైలర్ తెలివి చూపించి మళ్లీ చీలిక పెట్టొచ్చు. అందుకే ఓపెన్ ఎస్ఎస్ఎల్‌లో కీలక భాగాలు అసెంబ్లీలో ఉంటాయి. వాటిని పెర్ల్ స్క్రిప్టులు ఒక్కో అసెంబ్లర్‌కి తగ్గట్టు అచ్చు పోస్తాయి. చదవడానికి అంత వికారమైన కోడ్ ఇంకోటి దొరకదు. అమెజాన్ విడుదల చేసిన ఎస్2ఎన్ బిగ్‌నమ్ ఇంకో మెట్టు ఎక్కింది. పెద్ద సంఖ్యల గణితానికి చేత్తో రాసిన అసెంబ్లీతో పాటు, అది సరైనదేనన్న గణిత నిరూపణ కూడా అందులో ఉంటుంది. నిరూపణ మెషిన్ కోడ్ మీదే కాబట్టి కంపైలర్‌ని నమ్మాల్సిన అవసరం పోయింది. ఈ సమీక్షలో అన్నిటికన్నా ఎక్కువ గౌరవం దక్కాల్సిన ప్రాజెక్టు బహుశా ఇదే.

ఇన్ని పొరలు తెరిచాక అట్టడుగున గోడ తగులుతుంది. 1999లో అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో రాన్ మినిక్ మొదలుపెట్టిన లైనక్స్ బయోస్, 2008లో కోర్‌బూట్‌గా పేరు మార్చుకుంది. మెషిన్ లేచిన మొదటి క్షణాల్లో ర్యామ్ పనిచేయదు, దాన్ని పనిలో పెట్టాల్సింది ఈ కోడే. ర్యామ్ లేకుండా సీ కోడ్ నడిచేదెలా? ఎరిక్ బీడర్మన్ మెమరీ జోలికి పోకుండా ఒక్క రిజిస్టర్లతోనే సర్దుకునే రోమ్‌సీసీ అనే కంపైలర్ రాశాడు. తర్వాత క్యాష్‌నే ర్యామ్‌లా వాడే ఉపాయం వచ్చి అది అవసరం లేకుండా పోయింది. ఇవాళ క్రోమ్‌బుక్‌లు కోర్‌బూట్‌తోనే లేస్తాయి. కానీ కొత్త ఇంటెల్ చిప్పుల మీద ర్యామ్‌ని మేల్కొలిపే భాగం ఇంటెల్ ఇచ్చే మూసిన బైనరీయే. చిప్‌సెట్‌లో మేనేజ్‌మెంట్ ఇంజిన్ అనే వేరే చిన్న ప్రాసెసర్ తన లోకంలో తానుంటుంది. దాని లోపల నడిచేది మినిక్స్ అని 2017లో బయటపడితే, మినిక్స్ రాసిన ప్రొఫెసర్ టనెన్‌బామ్, ఒక మాట చెప్పి ఉంటే బాగుండేదని ఇంటెల్‌కి బహిరంగ లేఖ రాశాడు.

దానికీ కింద మైక్రోకోడ్. 2025లో గూగుల్ భద్రతా బృందం ఏఎండీ జెన్ ప్రాసెసర్ల మైక్రోకోడ్ సంతకంలో లొసుగు బయటపెట్టింది. సంతకానికి వాడిన తాళం ఒక ప్రమాణ పత్రంలో ఉదాహరణగా అచ్చయినదే! యాదృచ్ఛిక సంఖ్య ఇవ్వాల్సిన ఇన్‌స్ట్రక్షన్ ఎప్పుడడిగినా 4 అని చెప్పేలా మార్చి చూపించి, పరికరాలని ఓపెన్ సోర్స్‌గా పెట్టేశారు. ఏఎండీ ఆ లొసుగు మూసేసింది. మంచి మాట కూడా ఒకటుంది: 2023లో ఏఎండీ ఓపెన్‌సిల్ పేరుతో చిప్‌ని మేల్కొలిపే కోడ్‌ని బయట పెట్టడం మొదలుపెట్టింది, పాత మూసిన కోడ్ స్థానంలో 2026 నుంచి దీన్ని తెస్తామంది. బోధన మాత్రం అంతదాకా ఆగలేదు. ఎంఐటీ 2006 నుంచి ఎక్స్86 మీద చెప్పిన ఎక్స్‌వీ6 అనే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్‌ని 2019లో రిస్క్ 5 అనే, అందరికీ తెరిచిన ప్రాసెసర్ నిర్మాణానికి మార్చేసింది. ఐఐటీ మద్రాస్ శక్తి ప్రాసెసర్లు నిలబడిందీ ఆ తెరిచిన నిర్మాణం మీదే. ప్రాసెసర్‌ని అడుగుదాకా చదవాలనుకునేవారికి అదే సరైన చోటు, ఎక్స్86 కాదు.

వేగం కోసం రాయాలనుకునేవారి దారి వేరే. వాళ్లకి ఎక్స్86 చాలు. ఎఫ్ఎఫ్ఎంపెగ్ బృందం 2025 మొదట్లో అసెంబ్లీ పాఠాలు ఉచితంగా పెట్టింది. సీలో పాయింటర్లు, హైస్కూల్ లెక్కలు వచ్చినవాళ్లు అందుకోగల పాఠాలవి. ఇంట్లో ఉన్న ఇంటెల్ లేదా ఏఎండీ ల్యాప్‌టాప్‌లో లైనక్స్, నాస్మ్ ఎక్కించుకుంటే అదే ప్రయోగశాల, విడిగా బోర్డు కొనక్కర్లేదు. మొదటి పని కూడా సులువే: డేవిడ్ సోర్స్ దించుకుని చెక్ఏఎస్ఎమ్ నడిపించి, సీ వరస పక్కన అసెంబ్లీ వరస అంకెలు సొంత మెషిన్ మీద ఎంత తేడాగా వస్తున్నాయో చూడండి.